పెడల్ మీద మెట్లు

టో క్లిప్ పెద్ద యంత్రమేం కాదు. పెడల్ ముందు అంచుకు బిగించే చిన్న ఉక్కు కమ్మీ. కాలి ముందుభాగం అందులో దూరుతుంది. పెడల్ లోంచి వచ్చే తోలు వారు ఒకటి పాదం మీదుగా తిరిగి బకిల్‌తో బిగుస్తుంది. గుర్రానికి రికాబు ఎలాగో సైకిల్‌కి ఇది అలాగ. గుంతల్లో కాలు జారనివ్వదు. వేగంగా తొక్కేటప్పుడు పాదాన్ని సరైన చోట నిలిపి ఉంచుతుంది. నలభై ఏళ్ళ కిందటే పందేల సైకిళ్ళ మీంచి దిగిపోయిన ఈ వస్తువు, పాత స్టీలు సైకిళ్ళను వెతికి తెచ్చుకుని తొక్కే కుర్రకారు పుణ్యమా అని బెంగళూరులో, హైదరాబాదులో మళ్ళీ కనిపిస్తోంది. అనంతపురంలోనూ అక్కడక్కడా.

నేను కొన్నేళ్ళుగా ఈ టో క్లిప్పులతోనే తొక్కుతున్నాను. అందుకని మిత్రులు అడిగే ప్రశ్న ఒకటుంది: "వీటికి ఏ షూస్ బాగుంటాయి?" దీనికి నాలుగు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు, చెబుతాను కూడా. కానీ అనంతపురం నేల మీద నిలబడి ఆలోచిస్తే ఆ ప్రశ్న అంత చిన్నదిగా అనిపించదు. సైకిల్ తొక్కడానికి ఏ బూట్లు వేసుకోవాలని అడగాలంటే, ముందు సైకిల్ ఉండాలి, బూట్లుండాలి, ఆ రెంటితో వీధిలో పోనిచ్చే ఊరుండాలి. ఈ మూడూ ఇక్కడ ఎప్పుడు, ఎవరికి వచ్చాయన్నది వేరే కథ. నాకు తెలిసినంతలో ఆ కథ చెప్పాలని ఈ వ్యాసం.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. మా వైపు చెప్పుల్ని మెట్లు అంటారు. కోస్తా మిత్రులకు మెట్లంటే ఇంటి ముందువి. మెట్టడం అంటే తొక్కడం. నేలను మెట్టేవి మెట్లు. పెడల్‌ని తొక్కేది కూడా అవే కాబట్టి, ఈ వ్యాసానికి అంతకంటే మంచి మాట దొరకలేదు.

బూట్లు అరగదీసిన బండి

1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ డ్రయిస్ అనే ఆయన నడిపి చూపించిన రెండు చక్రాల చెక్క బండికి పెడళ్ళే లేవు. మధ్యలో కూర్చుని రెండు కాళ్ళతో నేలను వెనక్కి తన్నుకుంటూ పోవాలి. రెండేళ్ళ తర్వాత ఇంగ్లండులో ఆ బండి మోజు రేగినప్పుడు జనం ఎగతాళి చేసిన వాటిలో దాని మీద తిరిగే పెద్దమనుషుల బూట్లూ ఒకటి. గుర్రపు ఖర్చు తగ్గిందేమో గానీ బూట్ల ఖర్చు పెరిగింది. సైకిల్‌కీ చెప్పుకీ ఉన్న సంబంధం అక్కడే, అరుగుదలతో మొదలైంది.

ఆ బండి పుట్టుకకు వెనక ఒక కరువుందంటాడు హాన్స్-ఎర్హార్డ్ లెస్సింగ్ అనే చరిత్రకారుడు. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద ఆకాశాన్ని కమ్మి, 1816లో యూరప్‌కి వేసవే రాలేదు. పంటలు పోయాయి, దాణా ధర మండింది, గుర్రాలను మేపలేక చంపుకున్నారు. మేత అడగని బండి కావాలన్న ఆలోచన డ్రయిస్‌కి అప్పుడే వచ్చిందని ఆయన వాదన. అందరు చరిత్రకారులూ దీన్ని ఒప్పుకోరు. కానీ అనంతపురంలో పుట్టినవాడికి ఈ వాదన మీద కొంచెం మమకారం కలగడం సహజం. కరువొస్తే ఇంట్లో ముందు తగ్గేది పశువులేనని ఇక్కడ ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

1860లలో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్ళు తగిలించారు. పాదం నేలను వదిలింది. 1885లో స్టార్లీ తయారు చేసిన రోవర్ సైకిల్‌తో, 1888లో డన్‌లప్ గాలి టైరుతో, ఇప్పుడు మనం చూసే సైకిల్‌కి రూపం వచ్చింది. గొలుసుతో వెనక చక్రం వేగంగా తిరగడం మొదలయ్యాక కొత్త చిక్కొచ్చింది. కాలు పెడల్ మీంచి జారిపోతోంది. 1890లలో టో క్లిప్పులు వచ్చాయి.

ఈ క్లిప్పుల్లో పేరు మోసిన ఫ్రెంచి రకం మీద 'క్రిస్టోఫ్' అని ఉండేది. అది ఒక పందెగాడి పేరు. 1913 టూర్ ద ఫ్రాన్స్‌లో యూజీన్ క్రిస్టోఫ్ గెలిచేలా ఉన్నాడు. పిరనీస్ కొండల్లో తుర్మలే కనుమ దిగుతుండగా ముందు ఫోర్కు విరిగింది. బయటి సాయం తీసుకోకూడదని నియమం. సైకిల్ భుజానికెత్తుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, కింద ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గర ఫోర్కును తన చేతులతోనే అతుక్కున్నాడు. అధికారులు పక్కనే నిలబడి చూస్తున్నారు. తిత్తులు ఊదడానికి ఒక పిల్లాడు సాయం పట్టాడని దానికీ శిక్ష వేశారు. గెలుపు పోయింది. కొండ దిగువకు ఆ నడకంతా నడిచినవాడి పేరు తర్వాత టో క్లిప్పుల మీదికెక్కింది. ఇందులో నాకు నచ్చే సంగతి ఒకటుంది. సైకిల్ ఎంత మంచిదైనా ఏదో ఒక రోజు దిగి నడవాల్సి వస్తుంది. ఆ రోజు కాలికున్నదేమిటన్నదే ప్రశ్న.

ఆనాటి పందేల బూట్లు పల్చటి నల్ల తోలువి. గాలాడడానికి పైన చిల్లులుండేవి. అడుగు గట్టి తోలు. దానికి గాడి ఉన్న చిన్న పట్టీ ఒకటి మేకులతో కొట్టేవారు. ఆ గాడి పెడల్ అంచు మీద కూర్చుని కాలు వెనక్కి జారనిచ్చేది కాదు. ఆ పట్టీ ఎక్కడ కొట్టాలో తెలుసుకునే పద్ధతి చాలా సులువు. కొత్త బూట్లు వేసుకుని పట్టీ లేకుండానే కొన్ని రోజులు తొక్కాలి. పెడల్ అంచు తోలు మీద తనే గీత గీస్తుంది. ఆ గీత మీద మేకు కొట్టాలి. కొలత కాలే చెబుతుంది, చెప్పులు కుట్టేవాడు విని కొడతాడు. ఎడ్డీ మెర్క్స్ 1972లో మెక్సికోలో గంటకు 49 కిలోమీటర్లు దాటి రికార్డు పెట్టింది ఇలాంటి తోలు వార్లు బిగించుకునే. 1984లో లుక్ కంపెనీ, మంచు మీద జారే స్కీల పట్టును చూసి, వారు లేకుండా బూటు అడుగునే పట్టేసుకునే పెడల్ తెచ్చింది. మరుసటి ఏడు బెర్నార్డ్ ఇనో వాటితో టూర్ గెలిచాడు. అంతటితో పందేల్లో టో క్లిప్పుల కాలం ముగిసింది. జపాన్‌లో 1948 నుంచి నడుస్తున్న కెయిరిన్ పందేల్లో మాత్రం ఇప్పటికీ అవే వాడతారు.

ఈ కథలో ఒక ఊహ అడుగడుగునా ఉంది. తొక్కేవాడి కాలికి బూటు ఉంటుందని. మా ఊరి కథ ఆ ఊహ లేకుండా మొదలవుతుంది.

తంగేడు చెక్క, కపిల బాన

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. మన దేశంలో జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వాన మాకేనని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. 1882 దాకా అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. విడిపోవడానికి నాలుగేళ్ళ ముందే, 1876-78 మహా కరువు ఈ నేలను నమిలేసింది. మనుషులతో పాటు పశువులూ కుప్పలుగా పోయాయి. ఆ ఏళ్ళలో మద్రాసు నుంచి తోళ్ళ ఎగుమతి పెరిగింది. కరువుకి ఒక వాణిజ్యం కూడా ఉంటుంది.

మద్రాసు తోళ్ళకు ఇంగ్లండులో మంచి గిరాకీ ఉండేది. బూట్ల పైభాగానికీ లోపలి అస్తరుకీ వాడేవారు. ఆ తోళ్ళను ఊనడానికి వాడిన ముఖ్యమైన సరుకు తంగేడు చెక్క. వాన లేకపోయినా మా మెట్ట పొలాల గట్ల మీద పచ్చగా నిలబడి పసుప్పచ్చగా పూసే ఆ తంగేడే. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టే పువ్వు అనుకుంటాం గానీ, దాని బెరడు కొన్ని లక్షల తోళ్ళను బూట్లకు పనికొచ్చేట్టు చేసి ఓడలెక్కించింది.

ఇక ఊళ్ళో తోలు పని మాదిగలది. చచ్చిన గొడ్డును ఊరి బయటికి లాక్కుపోయే పని వాళ్ళదే, దాని తోలూ వాళ్ళదే. ఆ తోలుతో రైతుకు మెట్లు కుట్టివ్వాలి. కపిలకు బాన, తొండం కుట్టివ్వాలి. బావిలోంచి ఎద్దులతో నీళ్ళు తోడే ఆ తోలు బాన లేకపోతే మెట్ట సీమలో తోట లేదు. బదులుగా కళ్ళంలో మేర గింజలు. ఊరంతటికీ మెట్లు కుట్టిన మనిషి తను మాత్రం పెద్ద వీధిలోకి వచ్చేసరికి వాటిని విప్పి చేత్తో పట్టుకోవాలి. ఆరె, రంపె పట్టుకున్న చేతులకు చెప్పులు తెలుసు, కాళ్ళకు తెలియకూడదు. అదీ ఏర్పాటు.

తర్వాత కరెంటు మోటార్లొచ్చి కపిల పోయింది. బాన పని పోయింది. ఫ్యాక్టరీ చెప్పులొచ్చి మెట్ల పనీ తగ్గింది. బాటా కంపెనీ 1930ల మొదట్లో కలకత్తా దగ్గర కొన్నగర్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. ఆ దశాబ్దం చివర్లో అది ఇచ్చిన ప్రకటన ఒకటి ధనుర్వాతం పేరు చెప్పి జనాన్ని చెప్పులు వేసుకోమంటుంది. అంటే అప్పటికింకా ఈ దేశానికి చెప్పులు అలవాటు చేయాల్సిన వస్తువే. అటు తర్వాత రబ్బరు హవాయి చెప్పులు ఊరూరికీ చేరాయి. వారు తెగితే అడుగున పిన్నీసు గుచ్చి ఇంకో ఆర్నెల్లు నడిపించిన తరం మనకు ముందుదే.

పాత లారీ టైర్లు కోసి చేసే చెప్పులు మాత్రం మా దగ్గర తోలు పనివాళ్ళ చేతుల్లోనే నిలిచాయి. గొర్రెల కాపరులకు, గుట్టల్లో కట్టెలకు పోయేవాళ్ళకు అవే దిక్కు. బరువెక్కువ, కానీ ముల్లు దిగదు. సైకిల్‌కి వాడి వదిలేసిన టైరు కాలికి రాదు, పల్చన. లారీ టైరే కావాలి.

ఏ కాలైనా సరే

మన దేశంలో సైకిల్ మొదట దొరల బండి, తర్వాత గుమాస్తా బండి, పోస్టుమ్యాన్ బండి. స్వాతంత్ర్యం వచ్చాకే పల్లెకి చేరింది. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్ మొదలై హెర్క్యులిస్‌లు చేసింది. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో. మూడూ చేసింది దాదాపు ఒకే రకం బండి. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు, రాడ్డు బ్రేకులు, నల్ల రంగు, వెనక గట్టి క్యారియర్.

దాని పెడల్‌ని ఎప్పుడైనా జాగ్రత్తగా చూశారా? ఇరుసుకు అటూ ఇటూ రెండు రబ్బరు దిమ్మెలు. ఏ వైపు తిప్పినా ఒకటే. ముందూ వెనకా లేదు, కుడికాలి బూటు కొలత లేదు. ఉత్త కాలు పెట్టినా గుచ్చుకోదు, హవాయి చెప్పు పెట్టినా ఒప్పుకుంటుంది. టో క్లిప్ పెడల్ ఒక రకం కాలినే రమ్మంటుంది. ఈ రబ్బరు పెడల్ వచ్చిన ఏ కాలినైనా రానిస్తుంది. ఉత్త కాళ్ళ దేశంలో సైకిల్ ఇంత వ్యాపించడానికి దాని ధర ఎంత కారణమో ఈ రబ్బరు దిమ్మెలు కూడా అంత కారణమని నా అభిప్రాయం. ఆ రబ్బరు అరిగిపోయి ఉత్త ఇరుసు మిగిలినా దాని మీదే అరికాలు పెట్టి తొక్కేవాళ్ళు. అరికాలికి మధ్యలో ఒక గట్టి కాయ కాసేది.

ఇంకో సంగతి. మా వైపు సైకిల్‌ని తొక్కినంత సేపు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, తోసుకుంటూ నడుస్తారు. బోరు దగ్గర్నించి నాలుగైదు ప్లాస్టిక్ బిందెలు కట్టుకుని వచ్చేటప్పుడు ఎక్కి తొక్కే వీలుండదు. శెనక్కాయ మూటైనా, కట్టెల మోపైనా అంతే. సైకిల్ ఇక్కడ సగం బండి, సగం ఊతకర్ర. అందుకే సైకిల్‌కి పనికొచ్చే మెట్లంటే మా వాళ్ళ లెక్కలో నడవడానికి పనికొచ్చే మెట్లే.

దిగి నడవాల్సిన వీధి

క్రిస్టోఫ్ కొండ దిగి నడిచాడు, ఫోర్కు విరిగి. సైకిల్ బాగానే ఉన్నా దిగి నడవాల్సి వచ్చిన వాళ్ళు మన పల్లెల్లో ఉన్నారు. పెద్ద కులాల వీధి మొదట్లో దిగాలి. మెట్లు విప్పాలి. హ్యాండిల్ ఒక చేత, మెట్లు ఒక చేత పట్టుకుని వీధి దాటాక మళ్ళీ వేసుకుని, మళ్ళీ ఎక్కాలి. ఇది రాయలసీమకే ప్రత్యేకమైనదేం కాదు, దేశమంతా ఉన్నదే. 1955లోనే అంటరానితనం నేరమని చట్టం వచ్చింది. చట్టం వచ్చిన చాలా ఏళ్ళకు, 2006లో, ఘన్‌శ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖ్‌దేవ్ థోరట్ తదితరులు పదకొండు రాష్ట్రాల్లో 565 ఊళ్ళ సర్వేని పుస్తకంగా తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. గుడి, బావి, హోటల్ గ్లాసులతో పాటు వాళ్ళు ఆరా తీసిన వాటిలో చెప్పులు, సైకిలూ ఉన్నాయి. వీధిలో చెప్పులేసుకుని నడవనిస్తారా, సైకిలెక్కి పోనిస్తారా అని.

ఈ రెండూ పక్కపక్కన ఉండడం యాదృచ్ఛికం కాదు. గుడి ప్రవేశంలో దేవుడి మాట అడ్డం పెట్టొచ్చు, బావి దగ్గర మైల మాట. చెప్పుకీ సైకిల్‌కీ ఏ శాస్త్రం చెబుతారు? సైకిల్ వేదకాలంలో లేదు కదా. ఇక్కడ అభ్యంతరం ఒక్కటే. ఎత్తు. మెట్లేసుకున్న మనిషి నేలకు అంగుళం పైన ఉంటాడు. సైకిలెక్కిన మనిషి మూడడుగులు పైన ఉంటాడు. అరుగు మీద కూర్చున్నవాడు తలెత్తి చూడాల్సి వస్తుంది. ఈ వ్యాసం రాస్తూ నాకు తట్టిందేమిటంటే, పెడల్ మీద మెట్లతో ఉన్న కాలు అన్నది ఒకప్పుడు రెండు తిరుగుబాట్లు కలిసిన చోటు.

సీమలో సైకిల్ ఒక పార్టీ గుర్తు కూడా. 1985 నుంచి మూడు ఎన్నికల్లో ఎన్టీ రామారావు హిందూపురం నుంచి గెలిచిన కాలంలో మా గోడల నిండా పసుపు రంగులో సైకిళ్ళే. ఏ గుర్తుకైనా ఉండే సంగతే ఇది: ఆ గోడ మీది సైకిల్‌కి పెడళ్ళుంటాయి, పాదాలుండవు. అది ఎవరు తొక్కుతారో, ఏ వీధిలో దిగుతారో బొమ్మ చెప్పదు.

పల్లేరు పరీక్ష

ఇప్పుడు బూట్ల సంగతికి వస్తాను. టో క్లిప్‌కి మంచి బూటు లక్షణాలు ఎక్కడైనా ఒకటే. అడుగు నున్నగా ఉండాలి. లోతైన గాళ్ళుంటే పెడల్ అంచుకు తగులుకుని, కాలు తీయాల్సిన క్షణంలో రాదు. ట్రెక్కింగ్ బూట్లు అందుకే పనికిరావు. వేళ్ళ దగ్గర వెడల్పుగా, అడుగు బయటికి పొంగినట్టుండే రన్నింగ్ షూ క్లిప్‌లో ఇరుక్కుంటుంది. అడుగు మరీ మెత్తగా ఉంటే పెడల్ ఇరుసు మీద బూటు మడత పడి అరికాలు నొప్పెడుతుంది. మరీ గట్టిగా ఉంటే నడవలేం. వారు బిగిసే చోట పైభాగం కొంచెం మందంగా ఉండాలి. వేళ్ళకీ క్లిప్‌కీ మధ్య కొన్ని మిల్లీమీటర్ల సందుండాలి. పాదంలో వెడల్పైన భాగం సరిగ్గా ఇరుసు మీద ఉండాలి. అందుకే క్లిప్పుల్లో చిన్న, మధ్య, పెద్ద సైజులుంటాయి. కుడికాలి లేసు చివర్లు లోపలికి దోపుకోవాలి, లేకపోతే గొలుసు లాగేస్తుంది. ఊళ్ళో తొక్కేటప్పుడు వారు వదులుగానే ఉంచాలి. కాలు తీయాలంటే పక్కకు కాదు, వెనక్కి లాగాలి.

అనంతపురం దీనికి ఇంకో రెండు కలుపుతుంది. ఒకటి ముల్లు, రెండు ఎండ.

పల్లేరు కాయ చూసే ఉంటారు. నేలబారున పాకే తీగ, పసుపు పూలు, ఎండితే ఎటు వేసినా ఒక ముల్లు పైకే ఉండే కాయ. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని పంక్చర్ తీగ అని పిలవడం ఉత్తినే కాదు. బుక్కరాయసముద్రం దాటి తాడిపత్రి రోడ్డులో మట్టి అంచుకు దిగితే చాలు, టైరుకు నాలుగు అంటుకుంటాయి. అది పీకడానికి దిగితే బూటుకు ఇంకో నాలుగు. దానికి తోడు సర్కారు తుమ్మ. ఈ కాలపు షూలలో చాలావాటి అడుగు స్పాంజిలాంటి ఫోమ్. తేలిక, మెత్తన, సుఖం. తుమ్మ ముల్లుకు మాత్రం అది వెన్నముద్ద.

ఎండ సంగతి వేరే చెప్పాలా? ఏప్రిల్ వస్తే నలభై డిగ్రీలు దాటుతుంది. పాదం ఉబ్బుతుంది. పొద్దున సరిగ్గా సరిపోయిన బూటు పదకొండింటికి బిగుసుకుంటుంది, దాని మీద వారు. ఉక్కు క్లిప్ వేడెక్కి వేళ్ళకు తగులుతుంది. కాబట్టి అర సైజు పెద్దది, గాలాడేది, క్లిప్‌కి తోలు చుట్టింది కావాలి.

నేను మూడు రకాలతో తొక్కి చూసి చివరికి స్థిరపడింది బడి పిల్లలు పీటీకి వేసుకునే కాన్వాస్ బూట్ల మీద. పల్చటి ముక్కు, నున్నటి రబ్బరు అడుగు, గుడ్డ పైభాగం. ఇది నా కొత్త కనిపెట్టడమేం కాదు. 1970లలో అమెరికాలో దూర ప్రయాణాలు చేసే సైకిలిస్టులకు ఇష్టమైన 'బాటా బైకర్' అనే బూటు ఉండేది. అడుగున పెడల్‌ని పట్టుకునే అడ్డగీతలు, దిగితే హాయిగా నడవగలిగే వంపు. మన బడి బూటుకి పెద్దనాన్న కొడుకు లాంటిది. అడుగు మెత్తదనం ఒక్కటే మన బూటుకున్న లోపం. దానికి మందు పాతూరులో దొరికింది.

రోడ్డు పక్క గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే పెద్దాయన ఒకాయన. బూట్లిచ్చి, సైకిల్ చూపించాను. పెడల్‌ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంది సామీ, సైకిలుకు కాలికడియం ఏసినావు?"

"కాలు జారకుండా పెద్దాయనా."

"పడితే?"

"వెనక్కి లాగితే వచ్చేస్తుంది."

ఆయన నమ్మినట్టు లేదు. బూటు అడుగును వంచి చూశాడు, లోపల వేలుపెట్టి నొక్కాడు. "స్పాంజిలో ముల్లు సుర్రున దిగుతాది. తోలుకాడికొచ్చే సరికి నిల్చిపోతాది" అన్నాడు. బర్రె తోలు ముక్కను కాగితం మీద గీసిన నా కాలి గీత ప్రకారం రంపెతో కోసి లోపల అడుగున వేశాడు. అడుగు గట్టిపడింది, ముల్లూ ఆగింది. వారు ఒరిసే చోట పైన ఇంకో చిన్న తోలు అతుకు. పాత పందెగాళ్ళ బూటులో ఉన్న రెండు గుణాలనూ, ఏ పందెం గురించీ వినకుండానే, ఆయన ముల్లు వైపు నుంచి ఆలోచించి పట్టుకున్నాడు. ఇక్కడ తోలుకు, ముల్లుకు, కాలికి ఉన్న పాత లెక్కలు ఆ చేతుల్లో ఇంకా ఉన్నాయి. వాటిని అడిగేవాళ్ళే తగ్గిపోయారు.

వెడల్పు పాదాలు

చివరిగా ఒక అనుమానం. టో క్లిప్‌కి సన్నముక్కు బూటే సరైనదని చెప్పాను. ఆ సన్నముక్కు ఎవరి కాలి కొలత?

కర్ణాటకలో 2,300 మంది పిల్లల పాదాలను పరీక్షించి యు.బి. రావు, బెంజమిన్ జోసెఫ్ అనే డాక్టర్లు 1992లో ఒక అధ్యయనం ప్రచురించారు. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదునుపాదాలు ఉంటే, ఉత్త కాళ్ళతో తిరిగే పిల్లల్లో 2.8 శాతం మందికే ఉన్నాయి. ముందు మూసి ఉన్న బూట్లు వేసుకునేవాళ్ళలో ఇంకా ఎక్కువ. దక్షిణ భారతంలోనే, ఎప్పుడూ ఉత్త కాళ్ళతో నడిచేవాళ్ళ పాదాలు ముందువైపు వెడల్పుగా ఉంటాయని 2009లో బెల్జియం పరిశోధకులు కూడా కొలిచి చూపించారు. ఇది చూసి ఉత్త కాళ్ళే మేలు అనేస్తే అది పట్నంలో కూర్చుని చెప్పే మాట అవుతుంది. పల్లేరు కాయ అధ్యయనాలు చదవదు. కానీ బూటు కొనేటప్పుడు నా కాలిని బూటులోకి కాకుండా బూటును నా కాలి దగ్గరికి తెచ్చుకోవాలని మాత్రం దీన్నుంచి నేర్చుకోవచ్చు. తాతలు ఉత్త కాళ్ళతో నడిచిన ఇంట్లో పుట్టినవాళ్ళు వెడల్పు రకం చూసుకోవాలి. సన్నటి క్లిప్‌లో పట్టకపోతే వారు లేని సగం క్లిప్పులు దొరుకుతాయి, అవి చాలు. అవీ పట్టకపోతే మన రబ్బరు దిమ్మెల పెడల్ ఉండనే ఉంది. దానికి సిగ్గుపడాల్సిందేం లేదు.

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమం ఆడవాళ్ళకు సైకిల్ నేర్పింది. పి. సాయినాథ్ దాని గురించి రాసిన అధ్యాయం, 1996లో వచ్చిన ఆయన కరువు పుస్తకంలోనే ఉంది. లేడీస్ సైకిళ్ళు చాలక మగవాళ్ళ సైకిళ్ళే ఎక్కేశారట. మన రాష్ట్రంలో ఒక ప్రభుత్వం 'బడికొస్తా' అని హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చింది. తర్వాతి ప్రభుత్వం 2020లో 'విద్యా కానుక' సంచిలో పుస్తకాలతో పాటు ఒక జత బూట్లు, రెండు జతల సాక్సులు పెట్టింది. ఎవరి పేరు ఏ వస్తువు మీద ఉందన్న గొడవ రాజకీయ పార్టీలది. చరిత్ర రాసేవాడికి కనపడేది వేరు. ఒకప్పుడు విప్పించిన మెట్లు, దింపించిన సైకిలు, ఒక్క తరంలో బడి హక్కులోకి వచ్చాయి.

పొద్దున ఎనిమిదిన్నరకు శింగనమల వైపు వెళ్ళే రోడ్ల మీద ఆ పిల్లలు కనిపిస్తారు. నల్ల బూట్లు, తెల్ల సాక్సులు, రబ్బరు పెడళ్ళు. గుంపుగా మాట్లాడుకుంటూ రోడ్డంతా ఆక్రమించి తొక్కుతారు. హారన్ కొడితే తప్పుకుంటారు గానీ దిగరు. టో క్లిప్‌కి ఏ బూట్లు బాగుంటాయని అడిగే మిత్రులకు ఇప్పుడు నేనిచ్చే జవాబు ఇది: మీ కాలికి సరిపోయేది, ముల్లాగేది, ఎండకు ఊపిరాడేది, మీరు దిగాలనుకున్నప్పుడు దిగి నడవగలిగేది. ఇంకెవరో దిగమంటే దిగకుండా తొక్కుకుపోగలిగేది కూడా. మిగతాది చెప్పులు కుట్టే పెద్దాయన చూసుకుంటాడు.